కాలువ కట్ట మీది చావులు

చౌరస్తాలో ఫ్లెక్సీ మీది మాట నేను రాసిందే. ‘తాగి బండెక్కకు, ఇంటి కాడ నీ కోసం చూస్తున్నరు.’ మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. పోలీస్ స్టేషన్‌లో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేస్తాను. మా అమ్మ బిక్షమ్మకు చదవడం రాదు. అయినా బస్సు దిగిన ప్రతిసారీ తలెత్తి ఆ అక్షరాలు చూసేది.

ఆ ఫ్లెక్సీ కిందే రోజూ సాయంత్రం చెకింగ్. గొట్టం ఊదించడం, బండి గుంజుకోవడం. అది పెట్టకముందు మూడు నెలల్లో తాగి నడిపి తొమ్మిది మంది చచ్చిపోయారు. పెట్టాక మూడు నెలల్లో ఇద్దరే. ఆ లెక్క నేనే టైపు చేశాను. నల్గొండలో జిల్లా పోలీసుల మీటింగ్‌లో చూపించాలని ఎస్సై దివాకర్ సార్ సంబరపడ్డారు. నేనూ పడ్డాను.

మీటింగ్‌కు ముందురోజు సుక్కమ్మ వచ్చింది. మా అమ్మతో నాట్లకు పోయే మనిషి. భర్త లింగస్వామి పోయి నెల అయింది. చేతిలో స్టేషన్‌వాళ్లు ఇచ్చిన కాగితం.

“బిడ్డా, గిండ్ల ఏం రాసిన్రో సదువు.”

“కాలువ నీళ్లల్ల పడి చనిపోయిండని ఉంది పెద్దమ్మా.”

“నీళ్లల్ల పడుడేంది? బండితోని పడ్డడు. తాగిండు, పడ్డడు. చెప్పనీకి నాకేం సిగ్గు? సిన్నప్పటి సంది గా కాలువల ఈతగొట్టిన మనిషి. బండి మీద పడ్డంక ఏం ఈత?”

“కాలువ కట్ట మీదికెందుకు పోయిండు?”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “నీ ఫ్లెక్సీ కాడ పోలీసోళ్లుంటరని! వైన్సుల తాగినోళ్లంత కట్ట మీదికెళ్లే వస్తున్రు. నీకెర్క లేదా? మా మహేష్ గూడ గట్లనే వస్తుండు. తండ్రి పోయినా బుద్ధి రాలే. గాడ గూడ ఒక పోలీసాయన్ని నిలబెట్టుమని మీ సారుకు చెప్పు. ఒక్క కొడుకు, బిడ్డా.”

ఆమె వెళ్లాక నీట మునిగిన కేసుల ఫైలు తెరిచాను. చెకింగ్ పెట్టిన ఈ మూడు నెలల్లో ఎనిమిది మంది. అందులో ఏడుగురి శవంతో పాటు బండి కూడా తీశారు. అన్నీ సాయంత్రాలే. రెండూ ఏడూ తొమ్మిది. చెకింగ్‌తో ఒక్క ప్రాణమూ దక్కలేదు.

ఆ ఏడుగురినీ లెక్కలో కలిపి సార్ ముందు పెట్టాను.

“ఏందిది స్వర్ణా? నీళ్లల్ల పడ్డోళ్లు రోడ్డు లెక్కల ఎట్ల వస్తరు?”

“బండ్లు దొరికినయ్ సార్. కట్ట మీద గూడ చెకింగ్ పెడితే...”

“కట్ట మీద ఎవడు చూస్తడు? పేపరోళ్లు వస్తరా గాడికి? తీసెయ్.”

తీసేశాను. ఆ ముక్క రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

మీటింగ్‌లో స్లైడు నొక్కింది కూడా నేనే. చప్పట్లు బాగా కొట్టారు. తిరుగు దారిలో సార్ స్నేహితుడి తోటలో దావత్. సార్ తాగారు, డ్రైవర్ గోపీకృష్ణ తాగాడు. జీపంతా యాటకూర, మందు కలిసిన కంపు. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని వెనక కూర్చున్నాను. పొద్దుగూకుతుండగా, చౌరస్తా ఇంకో కిలోమీటరు ఉందనగా, జీపు కాలువ కట్ట మీదికి తిరిగింది.

“గిటెందుకన్నా?”

“చౌరస్తాల చెకింగ్ నడుస్తుంది గద. ఫొటోలకని పేపరోళ్లు గూడ వచ్చిన్రట,” అన్నాడు గోపీకృష్ణ.

సార్ పగలబడి నవ్వారు. “మనల్నే ఊదుమంటే ఏం జేస్తంరా!”

“ఆపు. నేను దిగుతా.”

దిగాను. చున్నీకి కూడా అదే కంపు. జీపు లేపిన దుమ్ము ఇంకా అణగలేదు, వెనకనుంచి ఓ బండి వచ్చింది. మహేష్. ముందు చక్రం అటూ ఇటూ ఊగుతోంది. అడ్డం నిలబడ్డాను. ఆగీ ఆగకముందే తాళంచెవి గుంజుకున్నాను.

“ఏందిది స్వర్ణక్కా! మీ సారు జీపు గిప్పుడే గిట్ల పాయె. ఆయన్ను ఆపినవా?”

“ఆపలే.”

“మరి నేనే దొరికిన్నా?”

పక్కన కాలువ నిండుగా పారుతోంది.

“తోసుకుంట నడు. తాళంచెవి మీ అమ్మ చేతికే ఇస్త.”

తిట్టుకుంటూనే తోశాడు. కట్ట దిగేదాకా అతనికీ కాలువకూ మధ్య నేను నడిచాను.