చూద్దాం

సచివాలయంలో నాలుగేళ్లు పనిచేసి, సుహాసిని నల్గొండ వైపున్న తన పాత విశ్వవిద్యాలయానికి ఇన్‌ఛార్జి వైస్ చాన్సలర్‌గా తిరిగొచ్చింది. రెండో వారంలోనే బాలికల వసతిగృహం పై అంతస్తులో శ్లాబు పెచ్చు ఊడి ఒక మంచం మీద పడింది. ఆ సమయానికి మంచం మీద ఎవరూ లేరు. ఇంజనీరు చూసి, ఆ అంతస్తు ఖాళీ చేయించమన్నాడు.

వార్డెన్ తాహేరా ఆమె గదికి వచ్చింది. ఒకప్పుడు సుహాసిని దగ్గరే సైకాలజీ చదువుకున్న మనిషి.

“పిల్లల్ని ఇండ్లకు పంపుమంటున్నరు మేడం. పంపితే పరీక్షలకు సగం మంది రారు. పత్తి ఏరే రోజులు. ఇంటికి పోయిన పిల్లను మళ్ల ఎవరు బస్సెక్కిస్తరు? గెస్ట్‌హౌస్ ఖాళీగనే ఉంది గద. పరీక్షలయ్యేదాంక ఇయ్యుండ్రి.”

ఖాళీ అన్నది సగమే నిజం. శుక్రవారం హైదరాబాదు నుంచి ఉన్నత విద్యాశాఖ అధికారులు సమీక్షకు వచ్చి అందులోనే దిగుతారు. సుహాసినిని ఈ పదవిలో పూర్తిస్థాయిలో నియమించడమూ వాళ్ల చేతిలోనే ఉంది.

“చూద్దాం,” అంది.

తాహేరా కదల్లేదు.

సుహాసిని ముందున్న కాగితాల మీదికి తల దించింది. సచివాలయంలో ఆ మాట తర్వాత ఎవరైనా లేచి నమస్కారం పెట్టి వెళ్లిపోయేవారు. గట్టిగా అనక్కర్లేదు. చివర గొంతు కాస్త దించి చూపు తిప్పుకుంటే చాలు. ఎదుటి మనిషి ముఖం మీద కాదనడం ఆమెకు మొదటినుంచీ కష్టం. ఆ కష్టాన్ని ఈ మాట తన మీద వేసుకుంది. ఎప్పటినుంచి వేసుకుందో ఆమె గమనించలేదు.

తాహేరా తలుపు వైపు ఒక అడుగు వేసి మళ్లీ ఆగింది. సుహాసినికి చిరాకేసింది.

“ఇంకేమన్నా ఉందా తాహేరా?”

“ఏం లేదు మేడం. మీకోసమే ఆగిన.”

“నాకోసమా?”

“చూద్దాం అంటిరి గద. పోదాం పాండ్రి.” తాహేరా నవ్వింది. “కారు తెమ్మని చెప్పాల్నా? ఇప్పుడు పెద్ద మేడం అయితిరి. అప్పుడైతే నాకంటె ముందు మెట్లు దిగుతుంటిరి. నేనే మీ ఎన్క ఉరుకుతుంటి.”

నిజమే. ఇక్కడ రిజిస్ట్రారుగా ఉన్నప్పుడు చూద్దాం అంటే కుర్చీలోంచి లేవడమే. పైపు పగిలినా, బస్సు ఆగినా, వెళ్లి చూడటమే. తాహేరా దగ్గర ఆ మాట ఇంకా ఆ అర్థంతోనే ఉంది. లేక ఎత్తిపొడుస్తోందా? సుహాసిని ఆమె ముఖంలో వెతికింది. ఏదీ తేలలేదు. ఏదైనా, ఇక కూర్చునే వీలు మాత్రం పోయింది.

నడిచే వెళ్లారు. శ్లాబు ఊడినచోట ఇనుప చువ్వలు కనిపిస్తున్నాయి. మంచం మీద పెచ్చులు, దులపని దుప్పటి. పక్క మంచం దగ్గర ఒకమ్మాయి బట్టలు సర్దుకుంటోంది.

“ఏ ఊరు?”

“చిట్యాల అవతల మేడం. పోవాల్నా?”

సుహాసిని వరండాలోకి వచ్చి సచివాలయంలోని తన పాత శాఖకు ఫోన్ చేసింది. ఆమె వదిలొచ్చిన కుర్చీలో ఇప్పుడు ప్రేమ్‌సాగర్ ఉన్నాడు. అతనికి పని నేర్పింది ఆమే. అంతా ఓపిగ్గా విన్నాడు.

“శుక్రవారం రివ్యూ ఉంది కద మేడం. గెస్ట్‌హౌస్ అంటే... చూద్దాం.”

గొంతు చివర దిగింది. తర్వాత మౌనం ఎంతసేపుండాలో కూడా సరిగ్గా నేర్చుకున్నాడు. ఇప్పుడు తను థాంక్స్ చెప్పి పెట్టేయాలి. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

“నేను చూస్తనే ఉన్న ప్రేమ్‌సాగర్,” అంది. “మీవాళ్లకు నల్గొండల లాడ్జి మాట్లాడి పెడ్త. పిల్లలు ఇయ్యాల్నే గెస్ట్‌హౌస్‌ల దిగుతరు.”

“మీ అపాయింట్‌మెంటు ఫైలు పైన ఉంది మేడం,” అన్నాడతను మెల్లగా. బెదిరింపు కాదు. నిజంగానే ఆమె కోసం భయపడ్డాడు.

“తెలుసు.”

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగింది. ఆ అమ్మాయి గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంది.

“గెస్ట్‌హౌస్‌ల ఏసీ ఉంటదా మేడం?”

“చదువుకోను బల్ల కావాల్నా, ఏసీ కావాల్నా నీకు?” అంది తాహేరా.

“రెండూ.”

పరీక్షలయ్యాయి. నియామకం ఫైలు ఇంకా పైనే ఉంది. ఎవరినడిగినా ఒకే మాట అంటున్నారు.