మీవేమైనా ఉన్నాయా

దర్జీ గుడ్డపీలికను కంప్యూటర్ తెరకు ఆనించి పట్టుకున్నాడు. తెర మీద దారపు రీలు బొమ్మ ఉంది. పీలికా బొమ్మా ఒకే రంగో కాదో తేల్చుకోవడానికి కళ్లజోడు పైకీ కిందికీ జరుపుతున్నాడు. షాపులో ప్రింట్లు తీసే ప్రింటక్క మౌసు మీంచి చెయ్యి తియ్యకుండా, అతని మోచెయ్యి మొహానికి తగలకుండా మెడ మాత్రం పక్కకు వంచి కూర్చుంది.

"ఇది నెమలికంఠం రంగు చెల్లెమ్మా. నీ డబ్బా చూపించేది ఉత్త నీలం."

"వెలుతురు తగ్గించమంటారా అన్నయ్యా?"

"తగ్గించు. ఇంకాస్త. అదిగో, ఇప్పుడు నల్లబడింది. అందుకే చెప్తాను, చేత్తో తడిమి చూడకుండా కొనేది కూడా ఒక కొనడమేనా అని."

"అయితే వద్దా?"

దర్జీ వెనక్కి చూశాడు. గోడవారగా బెంచీ మీద మాస్టారు పేపరు చదువుకుంటున్నారు. గొంతు తగ్గించి, "మూడు రీళ్లు పెట్టు. ఎవరికీ చెప్పకు," అన్నాడు.

"వినబడింది," అన్నారు మాస్టారు, పేపరు దించకుండానే.

ప్రింటక్క నవ్వలేదు. పొద్దుట లేచినప్పటి నుంచీ రెండు భుజాల మధ్య ఎవరో బొటనవేలితో నొక్కి పెట్టినట్టుగా ఉంది. దిండు ఎత్తయిందనుకుంది. మూడు రీళ్లు నొక్కింది. కింద చిరునామా దానంతట అదే వచ్చింది: తమ్ముడి పేరు, షాపు పేరు, వీధి. ఏళ్ల తరబడి అదే చిరునామా.

షాపంటే పొడుగాటి ఇరుకు గది. ముందు జిరాక్సు మిషను, దాని వెనక ప్రింటరు, లోపల ఈ బల్ల, కుర్చీ. కుర్చీలో దిండు ఆమె ఆకారానికి లోతుగా గుంటపడడంతో, వేరెవరు కూర్చున్నా ఒక పక్కకు ఒరిగిపోతారు. వీధిలో చాలామంది ఇళ్లల్లో కంప్యూటర్లున్నాయి, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. అయినా ఏదైనా కొనాలంటే ఇక్కడికే వస్తారు. కార్డు నంబరు కొడితే దొంగలెవరో చూస్తారని వాళ్ల భయం. ప్రింటక్క కొడితే ఆ భయం లేదు. పార్సిలు షాపుకే వస్తుంది, డబ్బు అప్పుడే ఇవ్వచ్చు. ఆ రకంగా వీధి మొత్తం ఒక్క మనిషి చేతి మీదుగా కొనుక్కుంటూ వచ్చింది. ఎవరి నడుము ఎంతో, ఎవరి చెప్పు ఎంతో, ఎవరికి జుట్టు ఊడుతోందో ఆమెకు తెలుసు. ఎవరితోనూ అనదు. అనదు కాబట్టే అందరూ వస్తారు.

ఆమె మొదట టైపు మిషను నేర్చుకుంది. పెళ్లయి వెళ్లింది. నాలుగేళ్లకు ఆయన పోతే, ఒక పెట్టెతో తిరిగివచ్చింది. తమ్ముడు మంచివాడు. 'ఊరికే ఉంటే పిచ్చెక్కుతుందక్కా, వచ్చి కూర్చో' అన్నాడు. వచ్చి కూర్చుంది. తమ్ముడి పిల్లలు ఈ బల్ల కిందే పాకారు, ఈ కుర్చీ పట్టుకుని నిలబడ్డారు, తర్వాత తమ తమ పనుల్లో పడ్డారు. ఆమె జుట్టు తెల్లబడింది. అంతే. ఇందులో బాధపడాల్సినదేదో ఉందని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

మెకానిక్ సంచీ భుజాన వేసుకుని లోపలికొచ్చాడు. పాత సిస్టం తీసేసి కొత్తది వెయ్యాలని తమ్ముడు వారం నుంచి చెబుతున్నాడు.

"ఇవ్వాళ దీన్ని బాగుచేసిగానీ కదలను అక్కా. కొత్త విండోస్ తెచ్చాను."

మాస్టారు ఈసారి పేపరు దించారు. "విండోస్ బదులు లైనక్స్ వెయ్యవయ్యా. ఉచితం. వైరస్ అన్న మాటే ఉండదు."

"వైరస్ ఉండదు మాస్టారూ, ఈ పాత ప్రింటరు కూడా ఉండదు. దానికి లైనక్స్ ఎక్కదు. ప్రింట్ల షాపులో ప్రింటరు లేకపోతే ఏం చేస్తాం, భజన చేస్తామా?"

"నేర్చుకుంటే అన్నీ ఎక్కుతాయి."

"మీరు నేర్చుకుని ఎన్నాళ్లయింది?"

"మొన్ననే మొదలుపెట్టాను. ఇంకా తెరుచుకోలేదు."

దర్జీ పకాలున నవ్వి స్టూలు లాక్కున్నాడు. రీళ్ల సంగతి అయిపోయింది కాబట్టి అతను వెళ్లిపోవచ్చు. వెళ్లడు. "అసలు వైరస్‌లు చేసేదెవరు? ఆ యాంటీవైరస్ అమ్మేవాళ్లే. ఒక చేత్తో వదిలి ఇంకో చేత్తో పట్టుకుంటారు."

"నువ్వు కూడా చొక్కాలు చించి కుడుతున్నావేమిటి?" అన్నారు మాస్టారు.

"చించను. బొత్తాలు కాస్త వదులుగా వేస్తాను. అది నేరమా? నేనైతే ఇంట్లో రెండు యాంటీవైరస్‌లు వేశాను. మా అల్లుడొకటి వేశాడు, వాడి మీద నమ్మకం లేక నేనొకటి వేశాను."

మెకానిక్ తల పట్టుకున్నాడు. "అందుకేనా మీ కంప్యూటర్ లేవనంటోంది! ఆ రెండూ ఒకదాన్నొకటి దొంగ దొంగ అని పట్టుకుని కూర్చుని ఉంటాయి."

"అచ్చం నేనూ మా అల్లుడూ ఉన్నట్టే," అన్నాడు దర్జీ, ఏదో గర్వంగా.

వాళ్లు మాట్లాడుతూండగానే మెకానిక్ చేతులు పని చేసుకుపోతున్నాయి. ఏదో తీగ గుచ్చాడు, ఫైళ్లు ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి ఎగిరిపోతున్నట్టు తెర మీద బొమ్మ కదిలింది. అది ఆగాక, ఆమె వైపు వంగి మామూలుగా అడిగాడు.

"మొత్తం తుడిచేస్తానక్కా. షాపు ఫైళ్లు తీసి పెట్టాను. మీవేమైనా ఉన్నాయా?"

"నావా?"

"ఆఁ. ఫోటోలు, పాటలు, ఏవైనా. తుడిచాక రావు మరి. చూసి చెప్పండి, తొందరేం లేదు."

అతను మళ్లీ మాస్టారి వైపు తిరిగాడు. ప్రింటక్క మౌసు కదిపింది.

ఫోల్డర్లు వరసగా ఉన్నాయి. అన్నీ ఆమె పెట్టినవే. దర్జీ, మాస్టారు, మూలింటి వాళ్లు, మేడమీది వాళ్లు. తమ్ముడు, మరదలు, పిల్లల మార్కులు, పిల్లల ఉద్యోగాల దరఖాస్తులు. శుభలేఖల ఫోల్డరు తెరిచింది. ఎవరెవరి పేర్లో. ఫోటోల ఫోల్డరు తెరిచింది. తెల్లగోడ ముందు నిలబడిన మొహాలు, అన్నీ ఆమె తీసినవే, కనక ఒక్కదాంట్లోనూ ఆమె లేదు. ఇంకొకటి తెరిచింది. ఇంకొకటి. తన చెయ్యి వేగం హెచ్చుతున్న సంగతి ఆమెకు తెలుస్తూనే ఉంది. ఏదో ఒకటి ఉండాలి. ఎప్పుడో ఏదో రాసుకుని ఉంటుంది. ఏదో బొమ్మ బాగుందని దాచుకుని ఉంటుంది. ఇన్నేళ్లు పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా ఒకేచోట కూర్చున్న మనిషి ఒక్కటంటే ఒక్కటి...

లేదు.

ఎవరో వెనకనుంచి కుర్చీ లాగేసినట్టయింది. కింద పడలేదు. కూర్చునే ఉంది. కూర్చుని ఉండగానే కూర్చోవడానికేమీ లేనట్టు అనిపించింది. దుఃఖం కాదు. దుఃఖమైతే ఆమె గుర్తుపట్టేది, దానితో ఒకసారి పరిచయమైంది. ఇది చెంపదెబ్బ లాంటిది. కొట్టినవాళ్లెవరో కనబడని చెంపదెబ్బ.

"ఏవయ్యా," అంది. "వైరస్ తినేసి ఉంటుందంటావా?"

"దేన్నక్కా?"

"నావి."

మెకానిక్ నవ్వాడు. "వైరస్ ఏరుకుని ఏరుకుని తినదక్కా. తింటే అందరివీ తింటుంది."

ఆమె అయినా యాంటీవైరస్ తెరిచి నొక్కింది. ఆకుపచ్చ గీత కుడివైపుకు పాకింది. ఒక దొంగ దొరకాలని, ఆ దొంగ సంచీలో తనదేదో బయటపడాలని తను అంత గట్టిగా కోరుకుంటుందని ఆమె అనుకోలేదు. అరచేతులు తడిశాయి. గీత చివరికంటా పోయి ఆగింది. తెర మీద అక్షరాలు: మీకు ఏ ప్రమాదమూ లేదు.

భుజాల మధ్య బొటనవేలు ఇంకాస్త లోపలికి దిగింది. దవడ కూడా లాగుతోంది. పంటి నొప్పేమో అనుకుంది.

షాపింగు పేజీ ఇంకా తెరిచే ఉంది. పైన పెద్ద అక్షరాలతో 'మీకోసం' అని ఉంది. ఎన్ని వందలసార్లు చూసిందో, ఆ మాట ఈ రోజే చదివింది. కింద బొమ్మలు: షుగరు పరీక్ష చేసుకునే పట్టీలు, బట్టతలకు రాసే నూనె, పసిపిల్లల లంగోటీలు, క్రికెట్ బంతి, నెమలికంఠం రంగు దారం, కవలపిల్లలకు ఒకే రకం గౌన్లు. ఎవరో మనిషి. పాపం, బట్టతల, షుగరు, చంకలో పిల్ల, చేతిలో బంతి. ఆ మనిషి ఈ కుర్చీలోనే కూర్చుని ఉంది. ఆ మనిషి ఆమే. ఆమె తప్ప మిగిలిన అందరూ కలిపి ఆమె.

ఒక్కటి కొనాలి. ఇది తుడిచేసేలోపల. తుడిచాక దానిలో ఏదీ మిగలదని తెలుసు. అయినా అంతకుముందు ఒక్కసారి, ఈ డబ్బాతో తనకోసం ఏదైనా తెప్పించుకోవాలి. తర్వాత అంటే చెయ్యదు. తన సంగతి తనకు తెలుసు.

ఏం కావాలి? ఆలోచన ఖాళీ గదిలోకి వెళ్లి వచ్చింది. చీర అంటే మరదలు తెస్తుంది. గడియారం గోడకుంది. చివరికి కాళ్లవైపు చూసుకుంది. తొడుక్కున్న చెప్పులు మరదలు విడిచినవి. మడమ అర అంగుళం బయటికొస్తుంది. ఆ సంగతి ఎప్పుడూ ఇబ్బందిగా తోచలేదు. ఇప్పుడు చూస్తుంటే ఎవరి కాళ్లో అన్నట్టున్నాయి.

ముదురు గోధుమరంగు, పట్టీ ఉన్నవి ఎంచుకుంది. తెర అడిగింది: సైజు ఎంచుకోండి.

వీధిలో సగం మంది కాళ్ల కొలతలు నాలుక చివర ఉన్నాయి. తనది రాలేదు. చెప్పు విప్పి అడుగున చూసింది. అంకె ఎప్పుడో అరిగిపోయింది. అరగకపోయినా అది మరదలి కాలు.

"మొదలుపెట్టనా అక్కా?" అన్నాడు మెకానిక్.

"ఒక్క నిమిషం నాన్నా."

ఆ గొంతు విని దర్జీ ఇటు చూశాడు. తర్వాత మళ్లీ అటు తిరిగాడు. మాస్టారు లైనక్స్ మొదట ఎవరు చేశారో చెబుతున్నారు.

సైజు తెలియనివాళ్లు ఏం చెయ్యాలో పేజీ చివర రాసి ఉంది. కాగితం మీద పాదం పెట్టి, చుట్టూ గీత గీసి, మడమ నుంచి కొలవాలి. ప్రింటరులోంచి ఒక తెల్లకాగితం లాగింది. బల్ల కింద నేలమీద పరిచింది. ఎడమ పాదం దాని మీద పెట్టింది. కాగితం చల్లగా ఉంది. పెన్ను తీసుకుని వంగింది. మడమ దగ్గర పెన్ను ఆనించగానే చక్కిలిగింత పుట్టి, ఎన్నేళ్లకో, పెదవులు వాటంతట అవే విచ్చుకున్నాయి. తన పాదం ఇంత పొడుగా? చిటికెనవేలు ఇంత వంకరా? పెన్ను నెమ్మదిగా వేళ్ల వెంట ఎక్కుతూ దిగుతూ నడిచింది.

అప్పుడు పొద్దుటి నుంచీ భుజాల మధ్య నొక్కుతున్న ఆ బొటనవేలు రొమ్ములోకి వచ్చి, పూర్తి చెయ్యిగా మారి, పిడికిలి బిగించింది. ఆమె నిటారుగా కూర్చుంది. ఎవరినైనా పిలవచ్చు. వాళ్లు అక్కడే ఉన్నారు, మూరెడు దూరంలో. కానీ మాటల మధ్యలో ఉన్నారు. మాటల మధ్యలో ఎవరినీ ఆపే అలవాటు ఆమెకు లేదు. తల వెనక గోడకు ఆనించింది. చెయ్యి మౌసు మీద పెట్టుకుంది.

"నేను చెప్పేదేమిటంటే," అన్నారు మాస్టారు, "మనది కానిదాని మీద మనం బతుకుతున్నాం. అది ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి."

"నెమ్మది, నెమ్మది," అన్నాడు దర్జీ. "చెల్లెమ్మ కునుకు తీస్తోంది. ఈవిడ పగలు కన్ను మూయగా నేనెన్నడూ చూడలేదు. పడుకోనియ్యండి."

వాళ్లు గుసగుసల్లోకి దిగారు. యాంటీవైరస్ డబ్బుపెట్టి కొనాలా, ఊరికే దొరికేది చాలదా అని గుసగుసగానే దెబ్బలాడుకున్నారు. దర్జీ వేలు ఊపాడు. మాస్టారు తొడ చరచబోయి, చప్పుడవుతుందని చెయ్యి గాలిలోనే ఆపుకున్నారు. మెకానిక్‌కి నవ్వొచ్చి నోరు మూసుకున్నాడు. టీ వచ్చింది, గ్లాసులు ఖాళీ అయ్యాయి.

"ఇంక లేపక తప్పదు," అని మెకానిక్ మౌసు కోసం చెయ్యి చాచాడు. "అక్కా. కాస్త చెయ్యి."

ఆమె చెయ్యి మౌసు మీంచి జారి, బరువుగా ఒడిలో పడింది.

"అక్కా."

దర్జీ స్టూలు తన్నుకుంటూ లేచాడు. ఒళ్లు కొలిచి కొలిచి బతికిన మనిషి, మెడ దగ్గర వేళ్లు పెట్టి, పెట్టినచోటే ఉంచేశాడు. తీస్తే ఏమవుతుందో తెలిసినట్టు తియ్యలేదు. మాస్టారు "నీళ్లు, నీళ్లు" అన్నారు, కదలలేదు. "ఇక్కడే ఉన్నాం కదయ్యా," అన్నాడు దర్జీ. అదే మాట మళ్లీ అన్నాడు. "ఇక్కడే ఉన్నాం కదా. మెల్లిగా కూడా మాట్లాడాం."

తమ్ముడొచ్చాడు. చెయ్యి పట్టుకుని కుదుపుతూ, "ఏంటక్కా ఇది, ఏంటిది," అని చిన్నపిల్లను కోప్పడినట్టు కోప్పడ్డాడు. అంబులెన్సు వాళ్లు వచ్చి చూసి, తొందరపడటం మానేశారు. వీధి వీధంతా గుమ్మంలో నిలబడి ఆమెను దించడం చూసింది. ఎవరి నోటా ఏడుపు రాలేదు. పొద్దున్నే తమకోసం ఏదో నొక్కిన మనిషి ఇప్పుడు లేదంటే ఎవరికీ లెక్క కుదరలేదు.

అందరూ ఆమె వెనకే వెళ్లారు. తాళం వేసి రమ్మని తమ్ముడు మెకానిక్‌కి చెప్పాడు. గదిలో అతనొక్కడే మిగిలాడు. తెర ఇంకా సైజు అడుగుతోంది. ఆడవాళ్ల చెప్పులు, ముదురు గోధుమరంగు. ఎవరికోసమో అనుకున్నాడు. కంప్యూటర్‌ను తుడవడానికి చేతులు రాలేదు. ప్లగ్గు పీకేద్దామని బల్ల కిందికి వంగాడు.

అక్కడ ఒక ఎడమ చెప్పు ఉంది, దాని పక్కన తెల్లకాగితం ఉంది. కాగితం మీద నీలం పెన్నుతో మడమ దగ్గర మొదలై, వంకర చిటికెనవేలు చుట్టి, ఒక్కొక్క వేలూ ఎక్కి దిగి, బొటనవేలి దాకా వచ్చి, అక్కడ ఆగిపోయిన గీత.