కీపరు నోరు జారిన రోజు

ముప్పై ఏడేళ్ల వయసులో కొత్త దేశపు క్రికెట్ జట్టు పిలుపు కోసం ఎదురుచూడటమంటే, ఈడు దాటాక పెళ్లిచూపులకు కూర్చోవడం లాంటిదే. వచ్చినవాళ్లు మర్యాదగానే మాట్లాడతారు. వెళ్తూ వెళ్తూ వయసెంతని ఇంకోసారి అడుగుతారు. ఈ మూడేళ్లలో మన కీపరును ఆ ప్రశ్న అడగని మనిషి లేడు.

అంతకుముందు పుట్టిన దేశం తరఫున పన్నెండేళ్లు వికెట్ల వెనక నిలబడ్డాడు. వేళ్లు విరిగాయి, ముక్కు పగిలింది, మోకాళ్లు అరిగాయి. అవేవీ అతన్ని బాధపెట్టలేదు. ఒక మధ్యాహ్నం బోర్డు ఆఫీసు నుంచి ఎవరో ఫోన్ చేసి, "ఇన్నాళ్ల మీ సేవలకు ధన్యవాదాలండీ" అని పెట్టేశారు. అదీ బాధంటే. ఫోన్ చేసిందెవరో కూడా తెలీదు. కనీసం తిట్టుకోవడానికైనా ఒక పేరు ఉండాలి కదా!

భార్యది ఈ కొత్త దేశమే. "ఎన్నాళ్లని ఇలా గోడలకేసి చూస్తూ కూర్చుంటారు? మావాళ్ల దగ్గరికి పోదాం పదండి. అక్కడా ఆట ఉంది, అక్కడా బంతి గుండ్రంగానే ఉంటుంది" అందామె. వచ్చేశారు. మూడేళ్లు ఇక్కడే కాపురం ఉంటే తప్ప ఈ జట్టుకు ఆడే అర్హత రాదన్నారు. సరేనన్నాడు.

ఆ మూడేళ్లూ బావమరిది ఆటసామాన్ల దుకాణంలో వెనక గదిలో కూర్చుని, కొత్త బ్యాట్లను చెక్క సుత్తితో తట్టి తట్టి ఆటకు సిద్ధం చేసేవాడు. సాయంత్రం ఇంటికి రాగానే కారు షెడ్డు గోడకేసి బంతి కొట్టడం, తిరిగొచ్చింది పట్టడం. పక్కింటివాళ్లు మొదట విసుక్కున్నారు, తర్వాత జాలిపడ్డారు, ఆ తర్వాత అలవాటు పడ్డారు.

"బావా, ఇంతకీ నిన్ను తీసుకుంటారంటావా?" అనేవాడు బావమరిది.

"తీసుకోక ఏం చేస్తారు?"

"ఏం లేదులే. ఆ సెలెక్టర్లలో ఒకాయన నీకన్నా రెండేళ్లు చిన్నట. నీకు అన్నయ్యా అని దణ్ణం పెట్టి వెళ్లిపోతాడేమోనని."

అర్హత వచ్చిన ఏడే పాత జట్టు ఈ దేశానికి ఆడటానికి వస్తోందని తెలిసింది. ఇక్కడి కీపరు మోకాలి నొప్పితో ఆట మానేశాడు. ఆ చోటుకి ఇద్దరున్నారు: మనవాడూ, ఇరవై రెండేళ్ల కుర్ర కీపరూ. సిరీస్‌కు ముందు పాత జట్టుతో ఒక సన్నాహక మ్యాచ్ పెట్టి, అందులో మనవాడి చేత కీపింగ్ చేయించి చూస్తామన్నారు.

"వాళ్ల మీదే ఆడాలి నేను. ఫోన్ పెట్టేసినవాళ్ల కళ్లముందే ఆడాలి" అన్నాడు భార్యతో. అలా అంటున్నప్పుడు అతని మొహం చూసి ఆమెకే భయమేసింది.

మ్యాచ్ రోజు పొద్దున మైదానంలోకి దిగేసరికి ఎదురుగా తొందరబాబు. అది పాత జట్టువాళ్లు పెట్టిన ముద్దుపేరు. బంగారంలాంటి బ్యాటరు, కానీ పరుగు దగ్గరికొచ్చేసరికి బుర్ర పనిచేయదు. బంతి కొట్టాడంటే అది ఎటుపోయిందో చూడకుండానే దౌడు తీస్తాడు. ఆ పన్నెండేళ్లలో సగం రోజులు అవతలి కొసన నిలబడింది మనవాడే. "వెనక్కి! వెనక్కి రారా!" అని అరిచి అరిచి గొంతు బొంగురు పోయింది. వాళ్లిద్దరికీ కలిపి ఒకటే బుర్ర, అది కీపరు దగ్గర ఉంటుందని జట్టంతా నవ్వుకునేది.

"అన్నా, చిక్కిపోయావేంటి?" అని వాటేసుకోబోయాడు తొందరబాబు. మనవాడు చెయ్యి మాత్రం ముందుకు చాపాడు. తొందరబాబు ఆ చెయ్యే ఊపి వదిలేశాడు పాపం.

ఆట మొదలయ్యాక కీపరు పాత కీపరే. పక్కకు పోతున్న బంతిని ఎడమవైపు పడి అందుకున్నాడు. అడుగు బయటపెట్టిన బ్యాటరును కన్నుమూసి తెరిచేలోగా స్టంపు చేశాడు. గ్యాలరీలో సెలెక్టర్లు టీ కప్పులు కిందపెట్టి చూశారు. వాళ్లు కప్పు కిందపెట్టడమంటే మామూలు విషయం కాదు. భార్యా, బావమరిదీ ఆ పక్క వరసలోనే కూర్చుని చూస్తున్నారు.

అప్పుడొచ్చాడు తొందరబాబు బ్యాటింగుకి. కుదురుకున్నాడు. ఒక బంతిని పక్కకు నెట్టి, ఎప్పటిలాగే చూడకుండా పరిగెత్తాడు. బంతి నేరుగా ఫీల్డరు చేతిలో పడింది. అవతలి కొసనున్న బ్యాటరు కదల్లేదు. తొందరబాబు పిచ్ మధ్యకు చేరాడు. కీపరు చేయాల్సింది ఒక్కటే: వికెట్ల దగ్గర నిలబడి, విసిరిన బంతి అందుకుని బెయిల్స్ ఎగరగొట్టడం.

"వెనక్కి! వెనక్కి రారా!"

మైదానమంతా మోగిపోయిన ఆ అరుపు ఎవరిదో అరిచినవాడికే ముందు అర్థం కాలేదు. తొందరబాబుకి మాత్రం వెంటనే అర్థమైంది. ఎవరు, ఎందుకు అని ఆలోచించలేదు. గిర్రున తిరిగి, బ్యాటు ముందుకు చాపి బోర్లా పడ్డాడు. బంతి వచ్చింది, కీపరు అందుకున్నాడు, బెయిల్స్ లేచాయి. అప్పటికే బ్యాటు గీత దాటి లోపలుంది.

బౌలరు నడుం మీద చేతులు పెట్టుకుని అడిగాడు: "మీరు ఏ జట్టండీ తాతగారూ?"

కీపరు నాలుక కరుచుకున్నాడు. ఇక కరుచుకుని ఏం లాభం?

అంపైరు దగ్గరికొచ్చాడు. ఫీల్డింగు చేసేవాళ్లు కావాలని అరిచి బ్యాటరును మోసం చేస్తే నేరం, ఐదు పరుగుల జరిమానా. "వాణ్ణి తికమక పెట్టడానికి అరిచావా?" అని అడిగాడు.

ఔనంటే పోయేది ఐదు పరుగులే. కాస్త టక్కరోడు, కానీ మనవాడే అనుకుంటారు సెలెక్టర్లు. కాదంటే మిగిలేది ఒకటే అర్థం: మనసింకా పాత జట్టుతోనే ఉందని. కీపరుకి ఇదంతా తెలుసు. గ్యాలరీ వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

"లేదండీ. మోసం లేదు, పాడూ లేదు. వాణ్ణి వెనక్కి పిలవడం నాకు అలవాటు. నోట్లోంచి వచ్చేసింది" అన్నాడు.

అంపైరు నవ్వు ఆపుకుంటూ వెనక్కి వెళ్లాడు. తొందరబాబు లేచి మట్టి దులుపుకుంటూ, తలెత్తకుండా అన్నాడు: "ఎందుకరిచావన్నా? నీ నోటికాడి కూడు నేనే తీసేశాను." కీపరు వంగి బెయిల్స్ సర్దాడు.

సాయంత్రం కారులో కిట్ బ్యాగు పెడుతుంటే సెలెక్టర్ల ఛైర్మన్ వచ్చాడు. ఒకప్పుడు ఈ జట్టుకి కెప్టెన్, మాటలు నాన్చే రకం కాదు.

"నీ కీపింగుకి వంక పెట్టడానికి లేదు. ఆ కుర్రాడు నీ దరిదాపుల్లో లేడు. ఒక్క ముక్క చెప్పు. రేపు అసలు మ్యాచ్‌లో వాడు మళ్లీ ఇలాగే పరిగెడితే నోరు మూసుకుని ఉంటావా?"

ఉంటానంటే చాలు. మూడేళ్ల ఎదురుచూపు ఆ ఒక్క మాటతో తీరిపోతుంది.

"ఉండాలనే చూస్తానండీ. ఉంటానని మాత్రం మాటివ్వలేను. ఆ అరుపు నన్నడిగి రాలేదు."

ఛైర్మన్‌కి ఒళ్లు మండింది. "కనీసం అబద్ధమైనా ఆడొచ్చు కదయ్యా!"

"అంపైరు దగ్గర నిజం చెప్పి, మీ దగ్గర అబద్ధమాడితే ఏం బాగుంటుందండీ?"

ఛైర్మన్ తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్లిపోయాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే బావమరిది కూడా ఇంటికి వచ్చేదాకా కారు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఆ వారం చివర్లో ఫోన్ వచ్చింది. ఛైర్మనే చేశాడు. కీపరు విన్నాడు, "సరేనండీ" అన్నాడు, పెట్టేశాడు. మంచం మీద బట్టలు మడతపెడుతున్న భార్య చేతులు ఆగిపోయాయి.

"తీసుకున్నారు. వచ్చే పర్యటన నుంచి నేనే కీపరును" అన్నాడు.

"మరి ఆ మొహమేంటండీ?"

"ఈ సిరీస్‌కి మాత్రం కుర్రాడే. వాళ్లతో ఎప్పుడు ఆడినా నన్ను కూర్చోబెడతారట. మిగతా ఎవరితోనైనా ఆడొచ్చట."

ఆమెకి చర్రున కోపం వచ్చింది. "వాళ్లతో ఆడాలనే కదా ఇంత కష్టపడ్డారు! వాళ్ల కళ్లముందే ఆడాలన్నారు కదా! ఒప్పేసుకున్నారా? కోపం రావట్లేదా మీకు?"

వస్తుందేమోనని అతనూ కాసేపు చూశాడు. రాలేదు. అవమానం చేసినవాళ్లను తలుచుకుందామంటే, మట్టి దులుపుకుంటూ తలొంచుకున్న తొందరబాబు ఒక్కడే గుర్తొస్తున్నాడు. వాటేసుకోబోతే చెయ్యి చాపినందుకు సిగ్గేసింది.

"కోపం కాదే. దిగులు" అన్నాడు. "అక్కడిప్పుడు వాణ్ణి వెనక్కి రమ్మని పిలిచేవాళ్లు ఎవరున్నారు?"

పుట్టిన దేశం వదిలి వచ్చిన రోజు కూడా ఏడవని మనిషి ఇప్పుడు ఏడ్చాడు. ఆమె మడతపెడుతున్న చొక్కా పక్కన పెట్టేసి, జరిగి అతనికి చోటిచ్చింది.