పైకి చదువు

పిల్లల పాఠ్యపుస్తకం అచ్చుకు వెళ్ళేముందు చివరిసారి చూసే కళ్ళు ఆవిడవి. ఒత్తు తప్పినా, ‘శ’ ఉండాల్సినచోట ‘ష’ కూర్చున్నా, పేజీ అడుగున అంకె ఒకటి దాటేసినా ఆవిడ చూపు అక్కడే ఆగిపోయేది. ప్రచురణకర్తల దగ్గర ఆవిడకు పేరుకన్నా ‘ప్రూఫులమ్మ’ అన్న పిలుపే ఎక్కువ. కాగితాల కాలం పోయాక ఇంట్లోనే, హాల్లో కిటికీ పక్కనున్న కంప్యూటర్ మీద పనిచేసుకునేది. ఇంటికంతటికీ అదొక్కటే కంప్యూటర్. ఉదయమంతా ఆవిడది, సాయంత్రం భర్త వార్తలు చూసుకుంటాడు, సెలవురోజుల్లో మరిది వదలడు.

మరిది ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో మాత్రం అందరూ ‘ఇంజనీరు’ అనేవారు. ఇంజనీరింగు చదివి కాదు. ఒకసారి ఆ కంప్యూటర్ పెట్టె విప్పి, దుమ్ము దులిపి, మళ్ళీ బిగించాడు. అది పనిచేసింది. అంతే, ఆ బిరుదు స్థిరపడిపోయింది. అప్పట్నుంచి కంప్యూటర్ గురించి ఇంట్లో అతని మాటకు తిరుగులేదు.

ఆ రోజు ఆవిడ మూడో తరగతి వాచకం పేజీలు తెర మీద చూపిస్తూ సంపాదకురాలితోనూ, ఇద్దరు టీచర్లతోనూ వీడియోలో మాట్లాడుతోంది. కప్పల పాఠం. బొమ్మ కింద వాక్యం ఎలా ఉండాలన్న చర్చ నడుస్తోంది. ఉన్నట్టుండి తెర మూలనుంచి ఒక అర్ధనగ్న సుందరి పైకి లేచి కన్ను కొట్టింది. ‘నీ పక్క వీధిలోనే ఒంటరిగా ఉన్నాను, మాట్లాడతావా?’ అని రాసుంది. ఆవిడ గబగబా దాని నెత్తిమీదున్న ఇంటూ గుర్తు నొక్కింది. అది ఇంటూ గుర్తు కాదు, ఇంటూ గుర్తులా గీసిన బొమ్మ. ఈసారి అలాంటిదే మరొకతె తెరనిండా వచ్చింది, పాటతో సహా.

“మేడమ్, మనం మళ్ళీ మాట్లాడుకుందాం,” అంది సంపాదకురాలు పొడిగా. టీచర్ల ముఖాలు అప్పటికే మాయమయ్యాయి. మర్నాడు, ఆ పుస్తకం ఇంకొకరికి ఇస్తున్నామని చిన్న సందేశం వచ్చింది. కారణం రాయలేదు. రాయక్కర్లేదు కూడా.

తల కొట్టేసినట్టయింది ఆవిడకు. సాయంత్రం ఆ సంగతి ఇంట్లో చెప్పింది, ఓదారుస్తారేమోనని. ఇంజనీరు పడీపడీ నవ్వాడు.

“ఏంటి వదినా! మేమంతా ఆఫీసులకి పోయాక నువ్వు చూసేవి ఇవన్నమాట!”

కూరగాయలు తరుగుతున్న అత్తగారి చెయ్యి ఆగింది. కోడలి వంక ఒకసారి చూసి మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. ఆ చూపు మాటకన్నా హీనంగా ఉంది. భర్త పేపరు కిందికి దించాడు.

“ఊరికే ఎందుకొస్తాయి? ఏదో ఒకటి నొక్కే ఉంటావు. కాస్త చూసుకుని నొక్కచ్చుగా.”

చూసుకోవడమే బతుకుదెరువుగా ఇన్నేళ్ళు బతికిన మనిషితో అన్న మాట అది. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

పైగా ఇంజనీరు ఆ హాస్యాన్ని వదల్లేదు. ఆవిడ కుర్చీలో కూర్చుంటే చాలు, “అమ్మా, గట్టిగా మాట్లాడకు, వదిన పక్క వీధివాళ్ళతో మాట్లాడుతోంది,” అనేవాడు. తర్వాత దయతలచి కంప్యూటర్ ‘బాగుచేశాడు’. ఎక్కడినుంచో శుభ్రం చేసే ప్రోగ్రాము ఒకటి ఉచితంగా దింపి పెట్టాడు. అప్పట్నుంచి సుందరులకు తోడు ఎర్రటి అక్షరాలు కూడా రావడం మొదలైంది: మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, వెంటనే మా అసలు ప్రోగ్రాము కొనండి అని.

“చూశావా, ఎంత పాడుచేశావో అదే చెబుతోంది,” అన్నాడు ఇంజనీరు.

ఆ మాటతో ఆవిడ లోలోపలి ఏడుపు ఆగిపోయింది. ఏడుపు పోయినచోట ఇంకేదో వచ్చి కూర్చుంది. దీని అంతు తేల్చాలి, దీన్ని తెచ్చినవాడి అంతు కూడా తేల్చాలి అనుకుంది.

మర్నాడు మగవాళ్ళు ఆఫీసులకి వెళ్ళగానే పనిలో దిగింది. అచ్చుతప్పులు ఎలా వేటాడుతుందో అలాగే. ముందు కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రాములన్నీ వరసగా చూసింది. ఎవరూ అడగని వాతావరణం చెప్పేదొకటి, తగ్గింపు ధరలు చూపిస్తానన్నదొకటి, వేగం పెంచుతానన్నదొకటి, ఇంజనీరు తెచ్చిన శుభ్రంచేసేది ఒకటి. తెలియనిదాన్ని తెలుసుకోకుండా తీసెయ్యడం ఆవిడకు అలవాటు లేదు. ఒక్కొక్క పేరూ ఫోనులో వెతికి, అదేమిటో చదివి, ఆపైన తీసేసింది. వాతావరణందైతే బతిమాలింది కూడా. ఏడుపు ముఖం బొమ్మ పెట్టి, ‘నిజంగా వెళ్ళిపోమంటారా?’ అని అడిగింది. ‘ఉండనివ్వండి’ అన్న బటన్ అరచేయంత ఉంది. ‘తీసెయ్యి’ అన్నది బూడిదరంగులో చీమతలకాయంత ఉంది. చీమతలకాయంత అక్షరాలతోనే ఆవిడ సంసారం నడిచింది మరి.

అయినా ప్రకటనలు తగ్గాయేగాని పోలేదు. బ్రౌజర్‌కు అదనపు పనులకని తగిలించిన ఎక్స్‌టెన్షన్లు చూసింది. తను పెట్టనిది ఒకటి జలగలా అంటుకుని ఉంది, పీకేసింది. ఎవరో మార్చేసిన మొదటి పేజీని మళ్ళీ మామూలు చేసింది. మూలనుంచి లేచే సుందరి మాత్రం ఇంకా లేస్తూనే ఉంది. నోటిఫికేషన్లు పంపుకోవచ్చని ఏవేవో ముక్కూముఖం తెలియని సైట్లకు ఇంట్లోవాళ్ళే అనుమతి ఇచ్చేసినట్టు కనిపెట్టింది. ఒక్కటి మిగల్చకుండా రద్దుచేసింది. ఆఖరున, కంప్యూటర్‌తోబాటే వచ్చిన యాంటీవైరస్‌ను తట్టిలేపి, మొత్తం వెతకమని వదిలేసి భోంచేసింది. తిరిగొచ్చి చూస్తే తెర నీళ్ళతో కడిగిన పలకలా ఉంది.

ఆ వారమంతా హాయిగా పనిచేసుకుంది. సెలవురోజు గడిచిందో లేదో, మూలనుంచి సుందరి మళ్ళీ కన్ను కొట్టింది.

ఆవిడ ఎవరితోనూ ఏమీ అనలేదు. ఓపిగ్గా మొత్తం మళ్ళీ శుభ్రం చేసింది. వచ్చే సెలవురోజున, ఇంజనీరు కంప్యూటర్ ముందు చేరగానే, కిటికీ తెర ఉతకాలన్న నెపంతో వెనకాల స్టూలెక్కింది. అతను ఏదో దింపాడు. దాన్ని పెడుతూ నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్ అని టకటకా నొక్కుకుంటూ పోతున్నాడు. ప్రతిచోటా అడుగున చిన్న అక్షరాలు, వాటి పక్కన ముందుగానే టిక్కు పెట్టేసిన గళ్ళు.

“ఏంటది?” అంది ఆవిడ కొక్కెం తీస్తూ.

“కొత్త సినిమాలు దింపుకునేది వదినా. ఫ్రీ!”

“ఆ కిందున్న చిన్న అక్షరాలేంటి?”

“అబ్బా, అవెవడు చదువుతాడు!”

ఆ క్షణంలో తెరగుడ్డ అతని నెత్తిమీద పడేసి, ‘నువ్వా దొంగవి!’ అని అరవొచ్చు. అరిస్తే ఏమవుతుందో కూడా ఆవిడకు తెలుసు. భర్త ‘సరేలే, తెలియక చేశాడు’ అంటాడు. అత్తగారు ‘పోనీ చిన్నవాడు’ అంటుంది. ఆ పూటకు అందరూ సర్దుకుపోతారు. ఆవిడకు సర్దుబాటు అక్కర్లేదు. తన ముఖం నలుగురిలో మాడింది. అతని ముఖం కూడా నలుగురిలోనే మాడాలి. గమ్మున కిందికి దిగి తెర బకెట్లో నానేసింది.

ఆ తర్వాత మళ్ళీ ఒకసారి శుభ్రం చేసి, ఈసారి ఇంకో పని కూడా చేసింది. కంప్యూటర్‌కు యజమాని ఖాతా ఒకటి తనపేర పెట్టుకుని, దానికి పాస్‌వర్డ్ వేసింది. మిగతావాళ్ళ ఖాతాలన్నీ మామూలువి చేసేసింది. పాటలు వినొచ్చు, వార్తలు చూడొచ్చు, ఉత్తరాలు రాసుకోవచ్చు. కొత్త ప్రోగ్రాము పెట్టాలంటే మాత్రం ఆవిడ పాస్‌వర్డ్ కావాలి. తేడా ఎవరికీ తెలియలేదు. ఆవిడ కాచుకుని కూర్చుంది.

ఎక్కువకాలం ఆగాల్సిన పని లేకపోయింది. ఒక ఆదివారం ఇంజనీరు తన ఆఫీసువాళ్ళను ఇంటికి పిలిచాడు. కొత్తగా వచ్చిన సెక్షన్ హెడ్డు, లావుపాటి క్యాషియరు, ఇంకో ఇద్దరు. ఇంకా ఎక్కడా దొరకని సినిమా చూపిస్తానని వాళ్ళ దగ్గర గొప్పలు పోయాడు. హాల్లో కుర్చీలు వేశాడు. సినిమా తెరవబోతే, దీనికి ఫలానా ప్రోగ్రాము కావాలంది. ‘అదెంతపని’ అని దింపి, నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయాడు. పాస్‌వర్డ్ అడిగింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అడిగింది. సెక్షన్ హెడ్డు గడియారం చూసుకున్నాడు.

“వదినా!” అని కేకేశాడు. “ఇదేదో పాస్‌వర్డ్ అడుగుతోంది. నువ్వేమైనా కెలికావా?”

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, తీరిగ్గా కళ్ళజోడు పెట్టుకుంది.

“కెలకలేదు, తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే ఉంది. మొదటికి వెళ్ళి, ఏం పెడుతున్నావో పైకి చదువు, తీస్తాను.”

“ఏంటి వదినా, చిన్నపిల్లాడిచేత చదివించినట్టు! టైమైపోతోంది.”

“అందుకే తొందరగా చదువు. మీ అమ్మకి కూడా అర్థమయ్యేలా మన భాషలో చెప్పు.”

నలుగురూ నవ్వారు. అతనూ నవ్వబోయాడుగాని, వదిన ముఖంలో నవ్వు లేదు. తెరవైపు తిరిగాడు.

“‘నేను ఒప్పుకుంటున్నాను…’”

“దేనికి?”

“‘మా భాగస్వాముల ప్రకటనలు నా తెరమీద చూపించడానికి.’”

“ఎలాంటి ప్రకటనలు? ఆ కింద ఉంది చూడు. అక్కడ కాదు, ఆ పక్కన. బూడిదరంగులో.”

ఇంజనీరు తెరకు దగ్గరగా వంగాడు. “‘పెద్దలకు మాత్రమే… అయినవాటితో సహా.’”

“ఆ గడిలో టిక్కు ఎవరు పెట్టారు?”

“అది దానంతట అదే ఉంటుంది వదినా.”

“తీసెయ్యొచ్చా?”

“తీసెయ్యొచ్చు.”

“ఎప్పుడైనా తీశావా?”

భర్త పేపరు మడిచి పక్కన పెట్టాడు. అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమెకు కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు, కాని విన్నది మాత్రం పూర్తిగా అర్థమైంది.

“అంటే, ఆ సిగ్గులేనిదాన్ని ఇంట్లోకి పిలిచింది నువ్వా?” అంది కొడుకుతో.

అక్కడితో అయిపోతుందనే ఆవిడ లెక్కేసుకుంది. క్యాషియరు సంగతి ఆవిడ లెక్కలో లేదు. ఆ లావుపాటి మనిషి కుర్చీలోంచి మెల్లిగా లేచాడు. ముఖం కందగడ్డలా ఉంది.

“మా ఇంట్లో కూడా ఇది నువ్వేగా పెట్టావ్?” అన్నాడు. “మా నాన్న పొద్దస్తమానం దానిమీద పేకాడుకుంటాడు. ఆ బొమ్మలొచ్చినప్పుడు, ఈ వయసులో నీకిదేం బుద్ధి అని… నా పిల్లలముందే తిట్టాను. ఆయన ఆరోజునుంచి ఆ గదిలోకి వెళ్ళడంలేదు.”

క్యాషియరు ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. “నాన్నా, నేనే…” అన్నమాట వినిపించింది, తర్వాత తలుపు మూసుకుంది.

“పొరపాటైంది వదినా,” అన్నాడు ఇంజనీరు నేలచూపులు చూస్తూ.

“నాతో కాదు. మా సంపాదకురాలికి ఫోన్ చెయ్యి. ఏం జరిగిందో చెప్పు.”

“ఇప్పుడా? వీళ్ళందరి ముందా?”

“నువ్వు నన్ను చూసి నవ్వింది ఎవరిముందు?”

అతను సెక్షన్ హెడ్డువైపు చూశాడు. ఆయన కిటికీవైపు తిరిగాడు. ఇక తప్పక వదిన ఫోన్ అందుకుని చేశాడు. ఆవిడ స్పీకరు నొక్కింది. చదువురాని పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు తడబడుతూ చెప్పాడు, ఆ రోజు వచ్చినవాటికి కారణం నేను, మా వదిన కాదు అని.

“చెప్పినందుకు సంతోషం,” అంది అవతలినుంచి సంపాదకురాలు. “ మేమూ అడగకుండానే ఏదో అనుకున్నాం, అది మా తప్పు. ఆ పుస్తకమైతే అచ్చుకు వెళ్ళిపోయింది మేడమ్. మళ్ళీ పని ఉంటే మీకే చెబుతాను.”

సినిమా చూడకుండానే వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఇంజనీరు ఖాళీ కుర్చీల మధ్య ఒక్కడే చాలాసేపు కూర్చున్నాడు. అతన్ని చూస్తుంటే ఆవిడకు జాలి దగ్గరదాకా వచ్చింది. రానివ్వలేదు. ఇన్నాళ్ళ మంట ఆరేదాకా ఆ దృశ్యాన్ని తనివితీరా చూసింది, తర్వాతే కుర్చీలు సర్దింది.

ఆ వారంలోనే క్యాషియరు అడిగితే వాళ్ళింటికి వెళ్ళి కంప్యూటర్ శుభ్రం చేసి వచ్చింది. కొడుకు గదిలోంచి బయటికి వెళ్ళాకగాని ఆ పెద్దాయన నోరు విప్పలేదు. “వాడు ఫోన్ చేశాడమ్మా, ఏడ్చాడు కూడా. నేనింకా సరే అనలేదు,” అన్నాడు. ఆవిడకు ఆ మనిషి బాగా నచ్చాడు.

ఇంట్లో ‘ఇంజనీరు’ అన్న పిలుపు దానంతట అదే మాసిపోయింది. అతను ఏదైనా పెట్టుకోవాలంటే ఇప్పుడు ముందే అడుగుతాడు. పైకి చదువుతాడు కూడా. ఆవిడ సగందాకా విని, చాలాసార్లు వద్దంటుంది.

కొన్నాళ్ళు ఆగి భర్త కదిపాడు.

“వాణ్ణి అందరిలో మరీ అంత చెయ్యాల్సింది కాదేమో.”

ఆవిడ తెరమీదనుంచి చూపు తిప్పలేదు.

“నామీద కూడా కోపంగా ఉన్నావా?” అన్నాడాయన.

“మీమీదే ఎక్కువ. వాడు నవ్వాడు. మీరు నమ్మారు.”

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “ఇప్పుడేం చెయ్యమంటావు చెప్పు.”

“ఏం చెయ్యక్కర్లేదు. నాకెలా ఉందో మీకూ తెలియాలిగా, కొన్నాళ్ళు అలా ఉండండి,” అని, ఆవిడ తర్వాతి పేజీ తెరిచింది.