ఎడమచేతి కత్తెర

కొంగ గుర్తు పోయిన రోజునే తండ్రి కూడా పోయాడు. పొద్దున గుర్తు పోయింది, మధ్యాహ్నం కాకముందే మనిషి పోయాడు.

ఆ పొద్దున కొలిమి అప్పుడే అంటుకుంది. కూతురు కత్తెర రెక్కలకు మర బిగించి, తడిగుడ్డ ముక్క మీద ఆడించి చూస్తోంది. ఆమె తమ్ముడు సమ్మెట దించి చెమట తుడుచుకుంటున్నాడు. తండ్రి దాగలి దిమ్మ ముందు పీట మీద కూర్చుని, కూతురు సరేనన్న కత్తెరలకు మర పక్కన, ఉక్కు మెత్తగా ఉన్న చోట, అచ్చు ఆనించి ఒక్క దెబ్బ కొడుతున్నాడు. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ దిగుతోంది. తడిగుడ్డను నలపకుండా కొసదాకా కోసిన దానికే ఆ కొంగ. కొయ్యనిది మళ్లీ నిప్పులోకే.

మేనమామ వచ్చాడు. చనిపోయిన తల్లికి తమ్ముడు. ఏళ్ల తరబడి వీళ్ల కత్తెరలు సంచుల్లో మోసి దుకాణాలకు అమ్మిపెట్టినవాడు, కిందటేడు విడిపోయి సొంతంగా ఫ్యాక్టరీ పెట్టుకున్నాడు. అతని వెనక కోర్టు పంపిన కమిషనరూ ఇద్దరు కానిస్టేబుళ్లూ ఉన్నారు. కమిషనర్ కాగితం చదివాడు. కొంగ గుర్తుకు రిజిస్టరైన యజమాని ఈ మేనమామ. కోర్టు మళ్లీ చెప్పేదాకా ఆ గుర్తుతో ఇంకెవరూ సరుకు చెయ్యకూడదు, అమ్మకూడదు. ఉన్న సరుకూ అచ్చూ జప్తు.

"నా కొంగ మీద నాకే నోటీసా?" అన్నాడు తండ్రి.

"రిజిస్టర్ చేయించింది నేను బావా. నువ్వెప్పుడైనా ఆ ఆఫీసు గడప తొక్కావా?"

"నువ్వు లాగూ కట్టుకోవడం నేర్వకముందే ఆ కొంగ ఉందిరా!"

"ఉంటే చూపించు. నోటిమాట కాదు, వస్తువు చూపించు."

పెట్టెలు ఒక్కొక్కటే వ్యాను ఎక్కాయి. లెక్క రాసుకోవడానికి కమిషనర్ బయటికి నడిచాడు. మేనమామ అచ్చు కోసం చెయ్యి చాపాడు. తండ్రి పిడికిలి బిగించాడు.

"ఇటివ్వు బావా. పరువుగా ఇవ్వు."

ఇవ్వలేదు. మేనమామ ఆ మణికట్టు మెలితిప్పి దాగలి మీద అదిమి, పక్కనున్న సుత్తి అందుకున్నాడు. మొదటి దెబ్బకు పిడికిలి విడలేదు. రెండో దెబ్బకు వేళ్లు విరిగిన చప్పుడు కూతురికి వినబడింది, పచ్చి పుల్ల విరిచినట్టు. తమ్ముడు దూకబోయాడు. ఒక కానిస్టేబుల్ లాఠీని అతని గొంతుకు అడ్డం పెట్టి గోడకు నొక్కేశాడు. తండ్రి ఎడమచేత్తో బావమరిది చొక్కా పట్టుకుని లేచాడు. మేనమామ రెండు చేతులా రొమ్ము మీద తోశాడు. తల వెనక భాగం దాగలి కొమ్ముకు తగిలింది. ఆ తర్వాత ఆయన లేవలేదు.

నూనె మీద కాలు జారి పడ్డాడని స్టేషన్‌లో రాసుకున్నారు. నేను బయట ఉన్నానన్నాడు కమిషనర్. సాక్షి సంతకం మేనమామది. శవం లేవకముందు అతను పూలదండ పంపాడు. తమ్ముడు దాన్ని కొలిమిలో వేశాడు.

ఆ వారమే ఆన్‌లైన్ అంగడిలో వీళ్ల కత్తెరల పేజీ మాయమైంది. యజమాని ఫిర్యాదు మేరకు తొలగించాం అని ఒక్క ముక్క మిగిలింది.

"అక్కా, ఈ కోర్టులూ గీర్టులూ ఎందుకు? నాకు ఒక్క పూట వదిలెయ్," అన్నాడు తమ్ముడు.

"నోరు ముయ్యరా. నాన్న పోయాడు. నువ్వు జైలుకు పోతే సమ్మెట ఎవరెత్తుతారు?"

"పెళ్లి చేసుకో. బావ ఎత్తుతాడు."

"ముందు ఆ బావని తడిగుడ్డ మీద ఆడించి చూడాలి," అందామె. వాడు నవ్వబోయి మొహం తిప్పుకున్నాడు. వాడి గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది. "నాన్న పేరు ఆ కొంగేరా. ముందు దాన్ని తెచ్చుకుందాం. ఆ తర్వాత నాన్న కేసు. అందాకా మావయ్య జోలికి వెళ్లనని చెప్పు."

వాడు ఆమె చెయ్యి విడిపించుకుని, "వెళ్లనులే," అన్నాడు.

లాయరమ్మ గదిలో ఫైళ్లు కుర్చీల మీద కూడా ఉన్నాయి. రెండు కట్టలు దించి వీళ్లను కూర్చోబెట్టింది.

"రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన అతనిదే గెలుపు కాదమ్మా. అతనికంటే ముందునుంచీ మీ నాన్న ఆ గుర్తు వాడుతున్నట్టు చూపిస్తే మనదే పైచేయి. పాత అచ్చు ఒక్కటైనా ఉందా?"

"లేదండీ. అరిగిన అచ్చు బయట ఉంటే ఎవడైనా నాసిరకం సరుకు మీద కొడతాడని, నాన్న దాన్ని కాల్చి, సాగగొట్టి, ఆ ఉక్కుతోనే కొత్తది చేసేవారు."

"పోనీ, పాత కత్తెరలు?"

"మొద్దుబారింది తెస్తే సగం ధరకు కొత్తది ఇచ్చేవాళ్లం. పాతది కొలిమిలో వేసేవాళ్లం. కొంగ ఉన్న కత్తెర తెగకుండా ఎవరి చేతిలోనూ ఉండకూడదనేవారు."

లాయరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "అంటే మీ సాక్ష్యాలన్నీ మీరే ఏరి తెచ్చి కరిగించుకున్నారన్నమాట."

"ఏరి తెచ్చింది మావయ్యే," అన్నాడు తమ్ముడు. "ఒక్కటీ మిగల్లేదని వాడికి బాగా తెలుసు."

అక్క దర్జీ కొట్లన్నీ తిరిగింది. అందరూ మార్చుకున్నవాళ్లే. మార్చుకోని ఒకరిద్దరి దగ్గర మేనమామ మనుషులు ముందే మంచి ధరకు కొనేశారు. కాళ్లు పీక్కుపోయి ఇక ఇంటిమొహం పడుతుండగా, జాకెట్లు కుట్టే ఒక ముసలామె మెట్ల కింది కొట్లోంచి పిలిచింది. అందరూ ఆమెను ఎడమచేతి పిన్ని అంటారు.

"లోకంలో కత్తెరలన్నీ కుడిచేతి వాళ్లవే కదమ్మా. నేను బట్టను కొరుక్కుంటూ ఉంటే మీ నాన్న చూసి, నా ఒక్కదానికోసం రెక్కలు తిరగేసి చేశాడు. ఇది మార్చుకుని నేనేం చేసుకోను?"

మర పక్కన కొంగ ఉంది. కాలు కాస్త అరిగింది, అంతే. గోడ మీద కుట్టుపని నేర్పే బడిలో తీసిన ఫొటో ఉంది. కింద సంవత్సరం రాసి ఉంది. అప్పటికి మేనమామ ఇంకా బడిపిల్లాడు. ముందు వరసలో పిన్ని ఎడమచేత్తో ఈ కత్తెరే ఎత్తి పట్టుకుంది.

"మీ మావయ్య మనుషులూ వచ్చారే. కుట్టుమిషను ఇస్తామన్నారు. నేను కుడిచేత్తో తలుపేసి, ఎడమచేత్తో గడియ పెట్టాను."

ఫొటో ఒక్కటీ చాలదు, కత్తెర ఒక్కటీ చాలదు, రెండూ కలిస్తే కేసు నిలబడుతుంది అంది లాయరమ్మ. ఫొటో ఫైల్లో పెట్టి, కత్తెర వాయిదా రోజున జడ్జి ముందే బయటికి తీద్దామంది.

వాయిదా రోజు లాయరమ్మ లోపలికి వెళ్లింది. అక్కాతమ్ముళ్లు కోర్టు రాతిమెట్ల మీద నిలబడ్డారు. అక్క చంకలో పిన్ని కత్తెర ఉన్న గుడ్డసంచి ఉంది. మేనమామ ఇస్త్రీ చొక్కాలో మెట్లెక్కి వచ్చాడు.

"ఏంటమ్మాయ్, బక్కచిక్కిపోయావ్? ఏం అల్లుడూ, మాటల్లేవా? ఇద్దరూ నా దగ్గరికి వచ్చెయ్యండి. కొంగ ఎవరిదైతే మీకేం, చేపలు దొరుకుతాయి కదా!"

తమ్ముడు నేల చూపు వదల్లేదు. అక్క అతని చెయ్యి పట్టుకుంది. అందుకోసం సంచి మీది చెయ్యి తీసింది. మేనమామ ఆ సంచి లాక్కున్నాడు. లోపల చూడగానే అతని మొహం నల్లబడింది. కత్తెర బయటికి లాగి, మెట్టు మీద కూర్చుని, కొంగ ఉన్న వైపు మెట్టు అంచుకేసి రుద్దడం మొదలుపెట్టాడు. రాయి కీచుమంది.

ఆమె మీదపడి చేతులు పట్టుకుంది. అతను మోచేత్తో నోటి మీద పొడిచాడు. పన్ను ఊడి నాలుక మీద పడింది. మళ్లీ పట్టుకుంది. కడుపులో తన్నాడు. ఆమె రెండు మెట్లు దొర్లి కింద పడింది.

తల ఎత్తేసరికి కత్తెర తమ్ముడి చేతిలో ఉంది. మొదటి పోటు మేనమామ చెవి కింద దిగింది.

"వద్దురా! వద్దు, నీకు దండం పెడతా!" అని అరిచింది. నోటినిండా నెత్తురుతో ఆ మాట మాటలా రాలేదు. వచ్చి ఉంటే వాడు ఆగేవాడా అని ఇప్పటికీ ఆలోచిస్తుంది. వాడు మళ్లీ పొడిచాడు, మళ్లీ పొడిచాడు. మేనమామ మెడను రెండు చేతులా పట్టుకుని, మెట్ల మీద కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. నల్లకోట్లు పరుగెత్తుకొచ్చేసరికి ప్రాణం లేదు. తమ్ముడు కత్తెర పక్కన పెట్టి, తన చొక్కా విప్పి అక్క మూతి తుడుస్తున్నాడు.

పోలీసులు కత్తెరను గుడ్డలో చుట్టి, లక్క ముద్ర వేసి తీసుకుపోయారు.

తమ్ముడు జైల్లో ఉన్నాడు. దావాలో మేనమామ స్థానంలోకి అతని భార్య వచ్చింది. ఫ్యాక్టరీలో కొంగ కత్తెరలు తయారవుతూనే ఉన్నాయి. వస్తువు తెమ్మని ఈ కోర్టు అంటోంది. హత్య కేసు తేలేదాకా ఇవ్వం అని ఆ కోర్టు అంటోంది. లాయరమ్మ అర్జీ మీద అర్జీ పెడుతోంది. తండ్రి చావు మీద ఫిర్యాదు చేద్దామని అక్క స్టేషనుకు వెళితే, చేసినవాడే పోయాక ఎవరి మీదమ్మా కేసు అని పంపేశారు.

ఆమె పగలు కొలిమి దగ్గర ఒక్కతే పనిచేస్తోంది. సమ్మెటకు మనిషి కుదరలేదు. చేసిన కత్తెరలకు ఏ గుర్తూ లేదు. ఎడమచేతి పిన్ని కుడిచేతి కత్తెరతో తంటాలు పడుతూ, కనబడినప్పుడల్లా నాది ఎప్పుడిస్తారే అని అడుగుతోంది.

రాతికేసి రుద్దాక ఆ ఉక్కు మీద కొంగ మిగిలిందో లేదో ఎవరూ చూడలేదు. పొట్లం ఇంకా విప్పలేదు.