అరక్షణం వెనక

కళింగపట్నం 'కెరటాలు' బ్యాండ్‌కి ముప్పై రెండేళ్లు. పదిహేనేళ్ల తర్వాత కొత్త ఆల్బమ్ తెచ్చారు. అందులో డ్రమ్స్ వాయించేది శివాజీ, వాటి దుమ్ము దులిపేది ఆయన భార్య రాణి. ఇద్దరికీ సర్వీసు సమానమే.

సమీక్షలు వచ్చిన రోజు శివాజీ కళ్లజోడు కనబడలేదన్నాడు. అది నెత్తి మీదే ఉంది. రాణి ఆ సంగతి ఎత్తకుండా ఫోను తీసుకుని తనే చదివింది. మొదటాయన తెగ మెచ్చుకున్నాడు. రెండో ఆయన, పాడే పోతురాజు గొంతులో సముద్రపు ఉప్పుందన్నాడు.

"ఉప్పేటి, బీపీ ఉన్నాది ఆడికి," అని నవ్వాడు శివాజీ.

మూడోది చదువుతూ రాణి ఆగింది.

"ఆగిపోనావేటి? సదువు."

ఆమె ఫోను ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు దింపుకుని తనే చూశాడు. 'డ్రమ్మర్‌కి వయసు మీద పడింది. ప్రతి దెబ్బా అరక్షణం ఆలస్యం.'

వెంటనే పోతురాజుకి ఫోన్ చేశాడు. "ఆదివారం విజీనగరం ప్రోగ్రాంకి ఇంకో మనిసిని సూసుకోరా. నా సేతులు అయిపోనాయి." డ్రమ్స్ మీద దుప్పటి కప్పేశాడు.

మర్నాడు పొద్దున్నే రాణి బుట్ట తీసింది. "సేపలకి ఎల్దాం, రా మావా." బేరం చెడగొడతాడని మామూలుగా ఆయన్ని తీసుకెళ్లదు.

ఒడ్డున పెద్ద వల లాగుతున్నారు. శివాజీ చిన్నాన్న సోములు కేకేశాడు. తాడు పట్టుకున్నవాళ్లు వెంటనే లాగలేదు. ఒక్క గుక్క ఆగి, అప్పుడు లాగారు.

"కేకెయ్యగానే లాగరేటి?" అంది రాణి, తను పడవలాళ్ల పిల్ల కానట్టు.

"ఎర్రిదానా, కెరటం రావద్దా? అది వలని ఎత్తినప్పుడే లాగాల. తొందరపడితే తాడు సేతులు కోసేస్తాది. సిన్నప్పుడు నాకు మా అయ్య…" శివాజీ ఆగిపోయాడు.

"ఆ రాసినోడికి ఈ సంగతి ఎవులు సెప్తారు మావా?"

"ఆడికెందుకే?"

"అవును. నీకు తెలిస్తే సాలు."

సోములు మళ్లీ కేకేశాడు. శివాజీ చెయ్యి ఆమె చంకలోని ఖాళీ బుట్ట మీద పడింది, అరక్షణం ఆగి, తాడు లాగినవాళ్లతో సరిగ్గా కలిసి.

దార్లోనే పోతురాజుకి ఫోన్ చేశాడు. "ఒరే, ఎవుల్నీ సూడొద్దు."

"నేను సూస్తే కదరా!"

ఇంటికొచ్చాక గాని చేపలు కొనలేదని గుర్తు రాలేదు. డ్రమ్స్ మీద దుప్పటి కూడా లేదు. బయల్దేరే ముందే రాణి దాన్ని ఉతికి ఆరేసింది.