సాకు మిగలకుండా

నరీన్ పట్టణంలో పాఠశాలలకు యంత్రాల పోటీ పెడతారు. మూత బిగించిన డబ్బా బరువును సొంతంగా చేసిన యంత్రంతో కనిపెట్టాలి. కిందటేడు సైకాల్ అనే అమ్మాయి మీటా కప్పీ కలిపి అలాంటి యంత్రం చేస్తే, జతగా ఉన్న జిబెక్ అంతా తన తెలివేనని చెప్పుకుని పతకం కొట్టేసింది.

ఈసారి సైకాల్ ఒంటరిగా దిగింది. పాత బండి చెక్కతో మీట చెక్కి, రాళ్లు తూచి చూసి, తేడా వచ్చినప్పుడల్లా మళ్లీ చిత్రిక పట్టింది. నూనెలో వేయించిన బోర్సోకులు చల్లారిపోతున్నాయని అమ్మ పిలిస్తే, "ఆ పిల్లని మట్టి కరిపించాక తింటాలే" అనేది.

పోటీ ఉదయం జిబెక్ బిక్కమొహంతో వచ్చింది.

"మా కప్పీ ఇరుసు విరిగిందే. నీ దగ్గర ఇంకోటుందా?"

సైకాల్ తన దగ్గరున్న వాటిలో మంచిదే ఏరి ఇచ్చింది.

"ఇంత మంచిదానివనుకోలేదే."

"మంచితనం కాదులే. ఓడిపోయాక ఇరుసు విరిగిందని చెప్పుకోడానికి నీకు సాకు మిగలకూడదు."

సైకాల్ యంత్రం బరువు సరిగ్గా చెప్పింది. జిబెక్‌ది తప్పింది. విజేతగా తన పేరు పిలిచినా సైకాల్ వెంటనే లేవలేదు. జిబెక్ తల దించుకునేదాకా అటే చూసి, అప్పుడు తాపీగా వేదిక వైపు నడిచింది.